ఏసీలో బూజు... బిల్లు ఎవరిది?

సెలవులకి కాకినాడ వెళ్లి, 40 రోజుల తర్వాత దుబాయ్ తిరిగొచ్చాం. ఆగస్టు ఆఖరి వారం. తెల్లవారుజామున నాలుగింటికి ఫ్లాట్ తలుపు తీయగానే లోపల్నుంచి గుప్పుమని వాసన. తడిసిన గోనెసంచిని మూలన పడేసి వారం తర్వాత తీస్తే వస్తుంది చూడండి, అచ్చం అదే. మా అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "వంటింట్లో ఏమైనా మర్చిపోయావేంటమ్మా?" అన్నారు.

నేనేమీ మర్చిపోలేదు. ఫ్రిజ్ ఖాళీ చేశాను, చెత్త పారేశాను, స్విచ్‌లన్నీ ఆపేశాను. ఏసీతో సహా. ఆ చివరిదే కొంప ముంచిందని తర్వాత తెలిసింది. ముంచింది సగమేనని ఇంకా తర్వాత తెలిసింది.

లైట్ వేసి చూస్తే హాల్లో ఏసీ గాలి వచ్చే గ్రిల్ చుట్టూ నల్లటి చుక్కలు. ఆవకాయ జాడీ మూత సరిగ్గా పెట్టకపోతే పైన కడుతుందే బూజు, అలాంటిదే. కాకపోతే నల్లగా ఉంది, సీలింగ్ మీద ఉంది. ఏసీ ఆన్ చేస్తే పావుగంటలో బెడ్‌రూమ్ దుప్పటి మీద మిరియాల పొడి చల్లినట్టు నలుసులు. బయట చూస్తే ఆ వేళప్పుడు కూడా ఉక్కపోత. ఏసీ ఆపి పడుకునే దేశం కాదిది. వేసుకునే పడుకున్నాం. మూడో రాత్రి నుంచి మా మూడేళ్ల బుడ్డోడికి దగ్గు మొదలైంది.

కనిపించని ఏసీ

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండేవాళ్లకి ఇది కొంచెం విడమర్చి చెప్పాలి. మన దగ్గర అద్దె ఇళ్లలో ఏసీ అంటే గోడకి వేలాడే స్ప్లిట్ యూనిట్. కళ్లెదురుగా ఉంటుంది. ఫిల్టర్ లాగి కుళాయి కింద కడిగేస్తాం. దుబాయ్ అపార్ట్‌మెంట్లలో చాలావాటిలో ఏసీ కనపడదు. బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్ పైన ఒక పెట్టె ఉంటుంది. దాన్ని ఫ్యాన్ కాయిల్ యూనిట్ అంటారు. బిల్డింగ్ మేడ మీదో, బయట ఎక్కడో పెద్ద ప్లాంట్‌లోనో చల్లబరిచిన నీళ్లు పైపుల్లో వచ్చి ఆ పెట్టెలోని కాయిల్‌లో తిరుగుతాయి. ఫ్యాన్ ఆ కాయిల్ మీదుగా గాలి తోస్తే, ఆ గాలి రేకు గొట్టాల్లోంచి ఒక్కో గదికీ వెళుతుంది. ఆ గొట్టాలే డక్టులు. గదిలో మనకి కనిపించేది ఒక గ్రిల్, ఒక థర్మోస్టాట్. అంతే.

చల్లటి కాయిల్‌కి గాలిలో తేమ తగిలి నీళ్లవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే. ఆ నీళ్లు కింద ట్రేలో పడి సన్నటి పైపులోంచి బయటికి పోవాలి. ఈ కథంతా ఆ ట్రే గురించే. కానీ అప్పుడు నాకు ట్రే అనేదొకటి ఉందని కూడా తెలీదు. నాకు తెలిసిందల్లా 'డక్ట్ క్లీనింగ్' అనే మాట. ఎందుకంటే వారం వారం తలుపు సందులోంచి దూర్చే కరపత్రాల్లో ఉండేది అదే.

మూడు 450లు

ఏజెంట్‌కి ఫోన్ చేశాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "డక్ట్ క్లీనింగ్ టెనెంట్ రెస్పాన్సిబిలిటీ మేడమ్. మా మెయింటెనెన్స్ వాళ్లని పంపిస్తా. 1,350 దిర్హమ్‌లు అవుతుంది" అన్నాడు. వాళ్లు వచ్చి చూడకుండానే, సాయంత్రానికి వాట్సాప్‌లో కొటేషన్ పంపించాడు. ఒకటి కాదు, మూడు. హాల్ 450. బెడ్‌రూమ్ 450. బాత్రూమ్ యూనిట్ 450.

నేను చేసేది అకౌంట్స్ ఉద్యోగం. ఒకే పనికి, ఒకే రోజు, ఒకే కంపెనీ మూడు బిల్లులు ఇస్తే మాకు చెయ్యి దురద పెడుతుంది. కాంట్రాక్ట్ తీసి ఆఖరి పేజీ చూశాను. అక్కడ అదనపు షరతుల కింద ఒక లైను: 500 దిర్హమ్‌ల లోపు చిన్న రిపేర్లు అద్దెకున్నవాళ్లవి, ఆపైన ఓనరువి.

అర్థమైంది కదా? 1,350 అయితే ఓనరు కట్టాలి. మూడు 450లు అయితే మేం కట్టాలి.

మావారు మాత్రం, "కట్టేద్దాంలే, పిల్లాడు దగ్గుతుంటే ఈ లెక్కలేంటి" అన్నారు. ఆయన భయం వేరే. నవంబర్‌లో అగ్రిమెంట్ రెన్యువల్ ఉంది. ఇక్కడ అద్దె నెలనెలా ఇవ్వడం కాదు, ఏడాదికి సరిపడా చెక్కులు ముందే రాసి ఇచ్చేస్తాం. మావి నాలుగు చెక్కులు. దానిమీద 3,100 దిర్హమ్‌ల డిపాజిట్ ఓనరు దగ్గరే ఉంది. మన డబ్బు వాళ్ల చేతిలో ఉన్నప్పుడు గొడవ పెట్టుకోవాలంటే ఎవరికైనా నోరు రాదు. నాకూ రాలేదు. రెండు రోజులు ఊరుకున్నాను.

మూడో రోజు రాత్రి పిల్లాణ్ని భుజాన వేసుకుని హాల్లో తిరుగుతూ ఫోన్‌లో చట్టం చదివాను. దుబాయ్‌లో ఓనరు, అద్దెదారు సంబంధాల మీద 2007లో వచ్చిన 26వ నంబరు చట్టం ఉంది. 2008లో దానికి కొన్ని సవరణలు చేశారు. అందులో 16వ ఆర్టికల్ మనకి కావాల్సింది. సారాంశం ఇదీ: ఇద్దరూ వేరేగా ఒప్పుకోకపోతే, అగ్రిమెంట్ నడిచినంతకాలం ఇంటి మెయింటెనెన్స్, అద్దెకున్నవాళ్లు ఇల్లు వాడుకోడానికి అడ్డొచ్చే లోపాల రిపేరు ఓనరు బాధ్యత. 19వ ఆర్టికల్ అద్దెకున్నవాళ్ల వంతు చెబుతుంది. తన సొంత ఇంటిని బాధ్యత ఉన్న మనిషి ఎలా చూసుకుంటాడో అద్దె ఇంటినీ అలా చూసుకోవాలి.

500 దిర్హమ్‌ల లెక్క చట్టంలో ఎక్కడా లేదు. అది కాంట్రాక్టుల్లో పెట్టుకునే అలవాటు. చాలామంది అదే చట్టం అనుకుంటారు, ఏజెంట్లు కూడా అలాగే చెబుతారు. 'వేరేగా ఒప్పుకోకపోతే' అనే ఒక్క ముక్క వల్లే దానికి బలం వస్తోంది. మనం చదవకుండా సంతకం పెట్టే ఆఖరి పేజీలోని ఒక లైను, చట్టం ఓనరు మీద పెట్టిన బరువుని తీసి మన నెత్తిన పెట్టగలదు. కొన్ని కాంట్రాక్టుల్లో ఏసీ మెయింటెనెన్స్ మొత్తం టెనెంట్‌దే అని కూడా రాస్తారు. అదృష్టం కొద్దీ మాదాంట్లో అలా లేదు. డక్టుల మాట కూడా లేదు.

"డక్టుల ఏం లేదక్కా"

ఏజెంట్ మనుషులు వచ్చేలోపు ఇంకెవరినైనా పిలిచి చూపిద్దామనిపించింది. ఆఫీసులో ఒకరిని అడిగితే నంబర్ ఇచ్చారు. వచ్చినతను నిచ్చెన దించుతూ మా అత్తయ్య మాటలు విని, "తెలుగోళ్లా?" అని నవ్వాడు. జగిత్యాల వైపు ఊరట. 14 ఏళ్లుగా ఇక్కడే ఏసీ పని. ఆ వైపు నుంచి గల్ఫ్‌కి వచ్చినవాళ్లు ఎంతమందో మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడి చల్లదనం వెనక చాలా చోట్ల వాళ్ల చెమటే ఉంది.

ముందు హాల్లో గ్రిల్ ఊడదీసి, డక్టులోకి చెయ్యంతా పెట్టి ఫోన్‌తో వీడియో తీశాడు. కిందికి దిగి నాకు చూపించాడు. లోపల రేకు మీద పల్చటి దుమ్ము. అంతే.

"డక్టుల ఏం లేదక్కా. గింత దుమ్ము అందరిండ్లల్ల ఉంటది. బీమారి ఆడ ఉంది" అని బాత్రూమ్ వైపు చెయ్యి చూపించాడు.

బాత్రూమ్ సీలింగ్‌లో చదరపు మూత తీసి, నన్నూ నిచ్చెన ఎక్కమన్నాడు. ఎక్కాను. ట్రే నిండా నీళ్లు. కదలని నీళ్లు, పైన గోధుమ రంగు జిగురు. బయటికి పోయే పైపు పూడిపోయింది. పెట్టె లోపల అతికించిన నల్లటి ఇన్సులేషన్ చిరిగి, తడిసి, వేలాడుతోంది. దాని మీద బూజు కాదు, తోటే ఉంది. అక్కడినుంచి ఫ్యాన్ గాలి తోస్తే నలుసులు గదుల్లోకి రాక ఏమవుతుంది?

"ఏసీ బందువెట్టి పోయిండ్రా ఊరికి?" అని అడిగాడు. అవునన్నాను.

"గదే తప్పయింది. ఎండకాలం ఈడ ఏసీ బందువెడితే గాలిల తడంతా ఇంట్లకొస్తది. 26 మీద పెట్టి, ఫ్యాను ఆటోల పెట్టి పోవాలె. ఫ్యాను ఆన్‌ల పెట్టిండ్రనుకో, చల్లదనం ఆగినంక కూడా తిరుగుతనే ఉంటది, ట్రేల తడి మళ్ల ఇంట్లకే కొడతది. గని అక్కా, ఈ ట్రే నలభై దినాలల్ల ఇట్ల కాలే. దీన్ని ఏండ్ల సంది ఎవ్వలు ముట్టలే."

అత్తయ్య అతనికి కాఫీ ఇచ్చి, "మరి ఆ డక్టులు కడిగితే ఈ కంపు పోతుందా బాబూ?" అని అడిగారు.

"పోతదమ్మా. నెల దినాలకు మళ్లొస్తది."

అదే నాకు ఆ రోజు దొరికిన అసలు సమాధానం. 1,350 ఎవరు కట్టాలా అని మేం కొట్టుకుంటున్న పని, అసలు చెయ్యాల్సిన పని కాదు.

తర్వాత చూస్తే, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా ఇంచుమించు ఇదే చెబుతోంది. డక్టులు శుభ్రం చేయించడం వల్ల ఆరోగ్య సమస్యలు రాకుండా ఆగుతాయని ఇప్పటిదాకా రుజువు కాలేదంటుంది. రొటీన్‌గా చేయించమనదు. డక్టుల్లో గానీ ఏసీ భాగాల మీద గానీ బూజు కళ్లకి కనిపిస్తే, ఎలుకలు పురుగులు చేరితే, గ్రిల్‌లోంచి దుమ్ము ఇంట్లోకి ఊడిపడేంతగా పూడిపోతే అప్పుడు చేయించమంటుంది. తేమకి కారణం సరిచేయకుండా బూజు తుడిస్తే మళ్లీ వస్తుందని, తడిసి బూజు పట్టిన ఇన్సులేషన్‌ని శుభ్రం చేయడం కుదరదు, తీసేసి కొత్తది వేయాలనీ చెబుతుంది. జగిత్యాల అన్న చెప్పినదానికి ఇంగ్లిష్ అనువాదంలా ఉంది నాకైతే.

ఇంకో మాట. మందు పొగలా కొట్టేసి 'శానిటైజ్ చేశాం' అని వెళ్లిపోయే చవక ఆఫర్లు ఉంటాయి. దుమ్ము లోపలే ఉంటుంది, దాని మీద సెంటు కొట్టినట్టు. డక్టు నిజంగా శుభ్రం చేయాలంటే ఒక వైపు పెద్ద వ్యాక్యూమ్ బిగించి, రెండో వైపు నుంచి బ్రష్‌లతో దుమ్ము వదిలిస్తూ లాగాలి. గంటల పని. అరగంటలో అయిపోయిందంటే ఏం చేశారో అడగండి.

పాలు పొంగిన వీడియో

ఇప్పుడు నా చేతిలో ఫొటోలున్నాయి. ఏజెంట్‌కి ఫోన్ చేయడం మానేసి మెయిల్ రాశాను. ఓనరు అడ్రస్ కూడా పెట్టాను. అది కాంట్రాక్టులోనే ఉంటుంది, చాలామంది గమనించరు. కోపం చూపించలేదు. ఏ తేదీన ఏం చూశాం, ట్రే పూడిపోయిన ఫొటో, ఇన్సులేషన్ ఫొటో, డక్టులో దుమ్ము మాత్రమే ఉన్న వీడియో, మూడు 450ల కొటేషన్. చివర ఒక ప్రశ్న: ఇది ఒక పనా, మూడు పనులా?

ఆ ప్రశ్నకి జవాబు రాలేదు. వేరే జవాబు వచ్చింది. "మీరు ఏసీ ఆపేసి వెళ్లారు. బూజు మీ నిర్లక్ష్యం వల్ల వచ్చింది. మొత్తం ఖర్చు మీదే."

నిజం చెప్పాలంటే ఆ మెయిల్ చదివి నా గాలి తీసేసినట్టయింది. ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. చల్లటి నీళ్ల బిల్లు మా పేరునే వస్తుంది, అది మిగులుతుందని ఆపాను. సొంత ఇల్లయితే అలా చేసేదాన్నా? బహుశా చేసేదాన్నే, తెలీక. కానీ తెలీదన్నది చట్టం ముందు ఎంతవరకు నిలబడుతుంది?

ఇక్కడే అసలు చిక్కంతా. ఫిల్టర్ దుమ్ము పట్టింది, మనం కడగలేదు. మనదే తప్పు. కాయిల్ పాతబడింది, పైపు పూడింది. ఓనరు చూసుకోవాలి. కానీ బూజు అనేది రెండిటి మధ్యా పుడుతుంది. తడి వాళ్లది, మూసిన ఇల్లు మాది. ఎవరి వల్ల మొదలైందో చూపించగలిగినవాళ్లదే మాట.

మేం చూపించగలిగాం. తెలివితో కాదు, పాలతో. ఆ ఇంట్లోకి దిగిన రోజు పాలు పొంగించి, కాకినాడలో అమ్మకి పంపడానికి మావారు ఇల్లంతా వీడియో తీశారు. "ఇదిగో అమ్మమ్మా వంటిల్లు, ఇదిగో బాత్రూమ్" అని పిల్లాడి గొంతుతో కామెంటరీ కూడా. ఫ్యామిలీ గ్రూపులో రెండేళ్ల కిందటి ఆ వీడియో వెతికి పట్టుకున్నాం. బాత్రూమ్ దగ్గర రెండు సెకన్లు ఆగింది కెమెరా. సీలింగ్ మూత అంచున గోధుమ రంగు మరక, అట్టు అంత. అంటే మేం రాకముందే ట్రే పొంగి కారింది. పైన పెయింట్ వేసి మాకు ఇచ్చారు, మరక మళ్లీ బయటికొచ్చింది.

ఆ రెండు సెకన్లని స్క్రీన్‌షాట్ తీసి, తేదీ కనిపించేలా పంపించాం. అగ్రిమెంట్ ఆన్‌లైన్‌లో రిజిస్టర్ అయిన తేదీ కూడా పక్కన పెట్టాం. ఇక్కడ దాన్ని ఇజారీ అంటారు, అది లేకుండా కరెంటు కనెక్షన్ తీసుకోవడం కూడా కష్టమే.

నాలుగు రోజుల తర్వాత ఓనరే ఫోన్ చేశాడు. పెద్దాయన. ఏజెంట్ తనకి మరక సంగతి ఎప్పుడూ చెప్పలేదన్నాడు. నిజమో కాదో నాకు తెలీదు గానీ, మాట మర్యాదగా ఉంది. ట్రే, పైపు, కొత్త ఇన్సులేషన్ ఆయన కట్టాడు. గ్రిల్స్ శుభ్రం చేయడం, కొత్త ఫిల్టర్, హాల్లో సీలింగ్ మీద మచ్చలు తుడిచి రంగు వేయడం మేం కట్టాం. మాకు అయింది 380. డక్టుల్ని ఎవరూ ముట్టుకోలేదు.

బుడ్డోడి దగ్గు పది రోజుల్లో తగ్గింది. బూజు వల్లేనని డాక్టర్ అనలేదు, ప్రయాణంలో అంటుకున్న వైరల్ కూడా కావచ్చన్నారు. మా అత్తయ్య మాత్రం ఆ ట్రేకే ఓటేశారు.

మణికొండలో మా తమ్ముడు

ఈ గోలంతా ఫోన్‌లో వింటూ హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు పడీపడీ నవ్వాడు. "అక్కా, దుబాయ్ వెళ్లి బాత్రూమ్ సీలింగ్ మీద రీసెర్చ్ చేస్తున్నావా" అని. నెల తిరక్కుండా వాడే ఫోన్ చేశాడు. వాళ్ల మణికొండ ఫ్లాట్‌లో స్ప్లిట్ ఏసీ నీళ్లు గోడ మీదికి కారి, పెయింట్ ఉబ్బి పెచ్చులూడింది. ఓనరు ఆంటీ రంగుల ఖర్చు అడ్వాన్స్‌లోంచి కోస్తానంటోందట.

వాడి 11 నెలల అగ్రిమెంట్ పంపమన్నాను. మామూలుగా అందరూ 11 నెలలే రాస్తారు, అదో స్టాంపు పేపరు సంప్రదాయం. అందులో 'ఒక ఏసీ, రెండు గీజర్లు, మూడు ఫ్యాన్లు' అని లెక్క ఉంది. ఎవరు సర్వీసింగ్ చేయించాలో లేదు. గ్యాస్ అయిపోతే ఎవరిదో లేదు.

మన దేశంలో 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో ఎవరి పని ఏదో చెప్పే పట్టిక ఉంది. గోడలు, రంగులు, పైపులు, వైరింగ్ ఓనరు వైపు. కుళాయిలు, స్విచ్‌లు, గీజర్ రిపేర్ల లాంటివి అద్దెకున్నవాళ్ల వైపు. కానీ అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. ఎప్పటినుంచో ఉన్న 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మాత్రం ఉంది. దాని 108వ సెక్షన్ ప్రకారం ఓనరు చేయాల్సిన రిపేరు, నోటీసు ఇచ్చాక కూడా తగినంత టైమ్‌లో చేయకపోతే, మనమే చేయించుకుని అద్దెలో తగ్గించుకోవచ్చు. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల మన ఖాతాలోకి రాదు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే అదీ మారుతుంది. అక్కడా ఇక్కడా తిరిగి తిరిగి ఆ ఆఖరి పేజీకే వస్తున్నాం.

మా తమ్ముడి కేసులో పైపు వాలు తప్పుగా పెట్టారని మెకానిక్ వాట్సాప్‌లో రాసి ఇచ్చాడు. బిగించింది ఓనరు వాళ్లే. కానీ వీడు రెండేళ్లు సర్వీసింగ్ చేయించలేదు. ఆంటీ ఆ మాటే పట్టుకుంది. చివరికి రంగుల ఖర్చు చెరి సగం. "నీ ఇన్‌ఫ్లుయెన్సే అక్కా" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో.

డిపాజిట్ రోజు

మరుసటి ఏడాది నవంబర్‌లో మేం ఆ ఇల్లు ఖాళీ చేశాం. స్కూల్‌కి దగ్గరగా వెళ్దామని. తాళాలిచ్చిన వారానికి అదే ఏజెంట్ దగ్గర్నుంచి లిస్టు. యాక్సెస్ కార్డు పోయింది, 150. ఒప్పుకున్నాం, అది నిజంగానే పోయింది. దానికింద: ఏసీ డక్ట్ క్లీనింగ్, 900.

మళ్లీ అదే డక్టు!

చట్టం ప్రకారం అగ్రిమెంట్ అయిపోయాక డిపాజిట్ గానీ, అందులో మిగిలింది గానీ వెనక్కి ఇవ్వాలి. మనం తీసుకున్న స్థితిలోనే ఇల్లు అప్పగించాలి, మామూలు అరుగుదల మినహాయింపు. మూడేళ్లు మనుషులు ఉంటే డక్టులో పల్చగా దుమ్ము పట్టడం అరుగుదలా, పాడు చేయడమా? నా దృష్టిలో అరుగుదలే. కానీ నా దృష్టి తీర్పు కాదు కదా.

తీర్పు కావాలంటే డేరాలో అద్దె వివాదాల కేంద్రం ఉంది, 2013లో ఏర్పాటు చేశారు. ఫీజు 3.5 శాతం, కనీసం 500 దిర్హమ్‌లు, గరిష్ఠంగా 20,000. కాగితాలు అరబిక్‌లో ఉండాలి, అంటే అనువాదం ఖర్చు అదనం. ఆఫీసుకి సెలవు పెట్టాలి. 900 కోసం ఎవరు వెళ్తారు? ఏజెంట్ నంబర్ రాసేముందు ఈ లెక్క చూసుకునే రాస్తాడని నా గట్టి అనుమానం. మరీ ఎక్కువైతే జనం వెళ్తారు. మరీ తక్కువైతే వాళ్లకి గిట్టదు. 900 సరిగ్గా మధ్యలో ఉంది.

ఈసారి రెండు రోజులు ఊరుకోలేదు. ఆ రాత్రే పాత మెయిళ్ల దారాన్ని లాగి, దాని మీదే రిప్లై ఇచ్చాను. ఓనరుకి కూడా కాపీ. గత ఏడాది వీడియో, ఖాళీ చేసే రోజు తీసిన కొత్త వీడియో పక్కపక్కన. అదే గ్రిల్, అదే డక్టు. తేడా ఏమిటో చూపించమని ఒక లైను రాశాను. కొటేషన్ కాదు, నిజంగా చేయించిన బిల్లు పంపమని ఇంకో లైను.

బిల్లు రాలేదు. పదకొండు రోజులకి డబ్బొచ్చింది. 2,950. కార్డు పైకం పోను అణా పైసలతో సహా సరిపోయింది. ఏజెంట్ ఒక్క మాట కూడా రాయలేదు. ఓనరు పెద్దాయన మాత్రం పిల్లాడికి కొత్త స్కూల్ ఎలా ఉందని మెసేజ్ పెట్టాడు.

కొత్త ఇంటి తాళాలు తీసుకునే రోజు, అక్కడి ఏజెంట్ వ్యూ బాగుంది, పార్కింగ్ ఉంది అని చూపిస్తుంటే, "బాత్రూమ్ సీలింగ్ మూత ఒకసారి తీస్తారా?" అని అడిగాను. అతను నన్నొకసారి, మావారిని ఒకసారి చూశాడు. వాచ్‌మన్ వెళ్లి నిచ్చెన తెచ్చాడు. ట్రే పొడిగానే ఉంది గానీ ఫిల్టర్ బూడిద రంగులో ఉంది. ఫొటో తీసి, అక్కడే నిలబడి మెయిల్ పంపించాను.

కాకినాడ నుంచి వీడియో కాల్‌లో అత్తయ్య అంతా చూస్తున్నారు. పొయ్యి మీద పాలగిన్నె పెట్టబోతుంటే ఆపారు. "ఆ హాల్లో గ్రిల్ కూడా తీయించి చూడమ్మా. పాలు ఎక్కడికీ పోవు."